లక్క తెలిసిన చేతులు

ఆచారి గారి చేతులు వణికాయట. వణికి అరవై సిలికాన్ బిళ్లలు పాడు చేశాయట. ఆ దెబ్బకే నరసరావుపేటలో కంపెనీ మూతపడిందట. పోయిన నెల గురజాలలో ఆయన పెద్దకర్మ నాడు షామియానా కింద విస్తళ్ల ముందు కూర్చుని కూడా ఇదే కథ. చెప్పేది పరాయి మనిషి కాదు, ఆయన సొంత బావమరిది. వినేవాళ్లు "అయ్యో పాపం" అంటూ పప్పు కలుపుకుంటున్నారు.

నేను ఒప్పుకోను. అందులో ఒక్క ముక్క కూడా ఒప్పుకోను. ఆయన చేతులు వణకలేదు. బిళ్లలు పాడైంది ఆ చేతుల వల్ల కాదు. కంపెనీ మూతపడింది ఆ తర్వాత ఏడాదిన్నరకు, ఓనరుకూ వాళ్ల అన్నకూ వాటాల దగ్గర పడక. ఇంత గట్టిగా ఎలా చెప్తున్నావంటారేమో. ఆ అరవై బిళ్లలూ కొలిచి, అన్నీ సమంగా ఉన్నాయని కాగితం మీద సంతకం పెట్టింది నేనే కాబట్టి.

బంగారం పని చేసే మనిషికి చెయ్యి వణుకుతుందనడం కంటే పెద్ద తిట్టు లేదు. దొంగ అన్నా ఫరవాలేదు, కాటా పక్కన కూర్చుని చూసుకుంటారు. చెయ్యి వణుకుతుందంటే మాత్రం ముక్కుపుడక మర బిగించడానికి కూడా ఇవ్వరు. ఆ మాట మోస్తూ ఆయన ఏడేళ్లు బతికాడు.

ఆయన పేరు రాయడం లేదు. ఆ పేరుతో పిలిచినవాళ్లు ఊళ్లో ముగ్గురో నలుగురో. మిగతా అందరికీ ఆచారే. ఏ కంసాలినైనా అలాగే పిలుస్తారు, మనిషి మారినా పిలుపు మారదు. నేనూ అలాగే పిలిచాను, చివరన ఒక "గారు" తగిలించి.

మాది చిన్న కంపెనీ. నరసరావుపేట దాటాక వినుకొండ రోడ్డులో ఒక పాత జిన్నింగు మిల్లు ఉంది. దానిలో సగం గోడ కట్టి, సీలింగు వేసి, ఏసీలు బిగించి గదులు చేశారు. హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ లేబొరేటరీల వాళ్లు సిలికాన్ బిళ్లలు పంపేవాళ్లు. అరచేయంత వెడల్పు, గట్టి అట్టముక్కంత మందం. వాటిని సానబట్టి అద్దంలా చేసి తిరిగి పంపడం మా పని. అద్దంలా మెరిస్తే చాలదు, సమంగా ఉండాలి. ఎంత సమంగా అంటే, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెంట్రుక మందంలో వందో వంతు తేడా కూడా ఉండకూడదు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి, పెళ్లి చేసుకుని, పదేళ్లు ఇంట్లో కూర్చుని, మళ్లీ బయటికొచ్చి పట్టుకున్న ఉద్యోగం అది. కొలిచే గది నాది.

అంత పల్చటి బిళ్లను చేత్తో పట్టుకుని సానబట్టలేం. ముందు ఒక మందపాటి ఉక్కు పళ్లెం మీద మైనంతో అతికించాలి. ఆ తర్వాత పళ్లాన్ని బోర్లించి మిషను మీద తిప్పుతారు. చెప్పడానికి ఇంతే. చేయడంలో మా డిప్లొమా పిల్లలు ఆరు నెలలు కుస్తీ పట్టారు. మైనంలో ఒక గాలి బుడగ ఉన్నా, ఒక దూదిపోగు ఇరుక్కున్నా ఆ చోట బిళ్ల ఉబ్బుతుంది, ఉబ్బిన చోట ఎక్కువ అరుగుతుంది. జిన్నింగు మిల్లాయె. సీలింగు పైన పాత దూలాల మీద ఇంకా పాతికేళ్ల నాటి దూది ఉంది.

ఓనరుది గురజాల దగ్గర పల్లె. పొలాలున్న కుటుంబం, మద్రాసులో చదువు. వాళ్ల చెల్లెలి దిద్దు బాగు చేయించడానికి వెళ్లి, ఆచారి గారు ఆ దిద్దును లక్క మీద కూర్చోబెట్టడం చూశాడు. లక్కను వేడి చేసి, మెత్తబడ్డాక వస్తువును అందులో నిలిపి, చల్లారాక ఉలితో పని చేసి, మళ్లీ వేడి చూపించి విడదీయడం. కంసాలి ఇళ్లలో అన్నం వండటమంత మామూలు పని. ఓనరు దిద్దుతో పాటు ఆయన్ని కూడా కారులో ఎక్కించుకుని వచ్చాడు.

ఆ మొదటి రోజు నాకు బాగా గుర్తు. తెల్లటి పొట్టి చేతుల చొక్కా, పంచె, అరవై దాటిన మనిషి, గుబురు మీసం. ఫారిన్ నుంచి తెప్పించిన మైనపు కడ్డీ చేతికిచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. గోటితో గీరాడు. వాసన చూశాడు. ఆ తర్వాత నన్ను చూసి నవ్వాడు.

"ఇది మన లక్కే గదమ్మా. సూటు తొడుక్కోని వచ్చింది, అంతే."

నేను కొట్టిపారేశాను. ఆ సాయంత్రం డబ్బా మీద సన్న అక్షరాలు చదివితే, నిజమే, అందులో సగం లక్కే. ఆ సంగతి ఆయనకు వెంటనే చెప్పలేదు. రెండు వారాలాగి చెప్పాను. "ఆ రోజే చదివుంటావు గదా" అన్నాడు.

మా ఇద్దరికీ మొదటి గొడవ మీసం మీద. ఆయన పళ్లెం మీదకు ముక్కు ఆనేటంతగా వంగి పని చేసేవాడు. మాస్కు పెట్టుకుంటే ఊపిరి కళ్లద్దాల మీద ఆవిరి కడుతోందని తీసేశాడు. మాస్కు తీస్తే మీసం ఉండటానికి వీల్లేదు, వెంట్రుక రాలితే ఎవరిది పూచీ అని నేను పట్టుబట్టాను. "ఏందమ్మా, మీసం మీద పడ్డావు" అన్నాడు గానీ, సోమవారం వచ్చేసరికి మీసం లేదు. అంతకు ముందు ఆయన మీసం తీసింది రెండేసార్లట, తల్లి పోయినప్పుడొకసారి, తండ్రి పోయినప్పుడొకసారి. గురజాల బస్టాండులో ఆపి మరీ అడిగారట, "ఎవురు పోయారు ఆచారీ?" అని.

"ఎవురూ పోలేదయ్యా, ఉద్యోగం వచ్చింది" అన్నాడట.

ఇది నాకు నవ్వుతూనే చెప్పాడు. చెబుతూ చెబుతూ పై పెదవి తడుముకుంటున్న ఆ వేలిని చూసి నేను తల తిప్పుకున్నాను.

రెండో గొడవ వేడి మీద. హాట్ ప్లేటుకు అంకెలు చూపించే డబ్బా ఉంది. ఆయన దాన్ని చూసేవాడు కాదు. పళ్లాన్ని పట్టకారుతో ఎత్తి చెంప దగ్గరికి తెచ్చుకుని, ఆగి, మళ్లీ పెట్టేవాడు. సైన్సు చదువుకున్న దాన్ని, నాకు ఒళ్లు మండేది.

"మీ చెంపకు డిగ్రీలు ఎలా తెలుస్తాయండీ?"

"పొయ్యి వేడి నీ డబ్బా చెప్పిద్ది. పళ్లెం వేడి నా చెంప చెప్పిద్ది. మైనం కరగాల్సింది పొయ్యి మీదనా, పళ్లెం మీదనా?"

పళ్లానికి విడిగా వేడి కొలిచే వైరు ఒకటి అంటించి వారం రోజులు రాసుకున్నాను. డబ్బా అంకెకూ పళ్లెం వేడికీ తేడా ఉంది. ఆయన "ఇప్పుడు" అన్న ప్రతిసారీ పళ్లెం వేడి ఒకటే. వాదంలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు. ఆ కాగితం ఆయనకు చూపించలేదు, బీరువాలో పెట్టాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆయన పని చేస్తుంటే చూడాలి. ముందు బిళ్ల అంచు ఒకటి మైనానికి ఆనించేవాడు. అంచు కింద మైనం తడిగా మెరిసి మెల్లగా ముందుకు పాకేది. ఆ పాకుడుతో పాటే బిళ్లను దించుకుంటూ వచ్చేవాడు. గాలికి ముందు నుంచి దారి, మైనానికి వెనక నుంచి దారి. ఆ కాసేపూ ఊపిరి తీసుకునేవాడు కాదు. బిళ్ల పూర్తిగా ఆనాక దాన్ని ముట్టుకునేవాడు కాదు. పైన బరువు పెట్టడు, వేలితో అదమడు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గిన్నె ఒకటి దాని మీద బోర్లించి, చల్లగాలి తగలకుండా మెల్లగా చల్లారనిచ్చేవాడు. శనివారం ఇంటికెళ్తే పెద్దమ్మ, అంటే వాళ్లావిడ, "నా గిన్నె ఏదీ" అని అడిగేదట. "కంపెనీలో ఉద్యోగం చేస్తంది" అనేవాడట.

ఒత్తకపోవడమే ఆయన పనిలో అసలు సంగతి. ప్రతి బిళ్లకూ పుట్టుకతో కాస్త ఒంకర ఉంటుంది, కంటికి కనిపించనంత. దాన్ని పళ్లానికేసి గట్టిగా ఒత్తితే సాపు అవుతుంది. మైనం గట్టిపడి ఆ సాపును అలాగే పట్టుకుంటుంది. పైన ఎంత బాగా సానబట్టినా, మైనం విడదీయగానే బిళ్ల తన ఒంకరకు తాను పోతుంది, సానబట్టిన మొహం కూడా దానితో పాటు ఒంగుతుంది. మేం దీన్ని పుస్తకంలో స్థితిస్థాపకత అని చదివాం. ఆయన మాటల్లో, "ఒత్తి పెడితే ఊపిరి బిగబట్టి నిలబడిద్ది. ఇప్పాక ఒదిలిద్ది." అందుకే పళ్లెం మీద నుంచి తీశాక కూడా ఒక రోజంతా బిళ్లలను మెత్తటి గుడ్డ మీద ఊరికే ఉంచి, మర్నాడు కొలవాలని ఆయన పట్టు. ఇది రాసిపెట్టిన రూలు కాదు. ఆయన రూలు. రెండేళ్లు అందరం పాటించాం, ఒక్క బిళ్ల కూడా వెనక్కి రాలేదు.

నా కొలిచే గది చీకటిగా ఉండేది. పసుప్పచ్చటి సోడియం దీపం, దాని కింద బిళ్ల, బిళ్ల మీద పక్కాగా సమంగా చేసిన మందపాటి గాజు. ఆ రెండిటి మధ్య వెలుగు ఆడి నల్లటి గీతలు కనిపిస్తాయి. గీతలు తిన్నగా, సమాన దూరంలో ఉంటే బిళ్ల సమంగా ఉన్నట్టు. ఒంగితే ఒంగినట్టు. మొదటిసారి చూపించినప్పుడు ఆయన గాజు మీదకు వంగి గీతలు లెక్కపెట్టాడు. "బంగారంలో ఎన్నాళ్లు పని చేసినా ఇట్టా లోపల రాసుండిద్దని తెలవదమ్మా" అన్నాడు. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం నా గది తలుపు కొంచెం తెరిచి తల లోపలికి పెట్టేవాడు.

"ఇయ్యాల దువ్వెన్నా? కనుబొమ్మా?"

తిన్నటి గీతలైతే దువ్వెన. ఒంగినవైతే కనుబొమ్మ. నేను దువ్వెన అంటే వెళ్లిపోయేవాడు. కనుబొమ్మ అంటే లోపలికొచ్చి, చూసి, తన చేతులు చూసుకుంటూ వెళ్లేవాడు. తన పనిలో తప్పు ఇంకొకరి మీద పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. కరెంటు పోవడాల వల్ల కొన్ని పాడయ్యేవి, అప్పుడు కూడా కరెంటునేమీ అనేవాడు కాదు.

నవ్వుతాడు, నవ్విస్తాడు గానీ సంతోషంగా ఉండే మనిషి కాదు. భోజనాల దగ్గర అందరం కబుర్లు చెప్పుకుంటుంటే గోడ వైపు తిరిగి తినేవాడు. ఒకసారి గద్దించి అడిగాను, మాతో కూర్చుంటే ఏం పోయిందని. "మా కుంపటి ముందు నలుగురం అన్నదమ్ములం కూసునేవోళ్లం అమ్మాయ్. ఒకడు ఆటో తోలతన్నాడు, ఒకడు సిమెంటు ఫ్యాక్టరీలో వాచ్‌మెను, ఒకడు లేడు. నలుగురు కలిసి కూసుంటే నాకు ఆళ్లే గుర్తొస్తారు" అన్నాడు. లేని తమ్ముడి గురించి ఇంకేమీ చెప్పలేదు. నగల మెరుగుకు వాడే సైనైడు తాగాడని తర్వాత వేరేవాళ్లు చెప్పారు. రెడీమేడ్ నగల అద్దాల షాపులొచ్చాక కంసాలి ఇళ్లలో అలాంటివి చాలా జరిగాయి. ఆచారి గారు లక్క పట్టుకుని ఈ వైపు వచ్చి బతికాడు. ఇక్కడ తన చేతికి మళ్లీ ఒక మర్యాద దొరికిందనుకున్నాడు. "ఆళ్ల షాపులో మిషన్లుండయ్యి. ఇక్కడ మిషనుకే నా చెయ్యి కావాల" అన్నాడొకసారి. అంత గర్వంగా ఆయన అన్న మాట అదొక్కటే.

ఇక ఆ అరవై బిళ్లల సంగతి.

పెద్ద ఆర్డరు. వారంలో కావాలన్నారు. ఆయన పద్ధతిలో రోజుకు ఏడెనిమిది కంటే అతకవు. ఓనరు పుణె నుంచి ఒక గాలి ప్రెస్సు తెప్పించాడు. బిళ్లను పళ్లెం మీద పెట్టి మీట నొక్కితే అది దిగి ఒత్తి పట్టుకుంటుంది, చల్లనీళ్లు తిరిగి పది నిమిషాల్లో మైనం గట్టిపడుతుంది. ఆచారి గారు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది ఒత్తిద్ది గదయ్యా" అన్నాడు.

"ఒత్తడానికే గదా ఆచారీ తెప్పించింది" అన్నాడు ఓనరు.

"ఇప్పాక ఒంగుతయ్యి."

"నువ్వు పని చెయ్యి, ఒంగుతయ్యో లేదో మేడం కొలిచి చెప్పిద్ది."

మేడం అంటే నేను. ఆ మాట వింటూ అక్కడే నిలబడి ఉన్నాను. ఆచారి గారు నా వైపు చూశాడు. నేను ఫిజిక్సు చదివాను, స్థితిస్థాపకత నాకు తెలుసు. "ఆయన చెప్పేది నిజం సార్" అని ఒక్క ముక్క అనాల్సింది. అనలేదు. ఎందుకు అనలేదో అందంగా చెప్పడం నాకు చేతకాదు. ఓనరు అప్పుడే నన్ను ఇంచార్జిని చేశాడు. దానితో పాటు ఇంకొకటి కూడా ఉంది. రెండేళ్లుగా ప్రతి వాదంలో ఆ ముసలాయనే గెలుస్తున్నాడు. ఒక్కసారి ఆయన మాట తప్పయితే బాగుండునని నాలో ఒక మూల ఉంది. కోరుకున్నానని అనను. ఉంది, అంతే.

ఆయన మీట నొక్కాడు. మూడు రోజులు నొక్కాడు. ఇత్తడి గిన్నె అల్మరాలో పెట్టేశాడు.

సానబట్టడం అయ్యాక పళ్లాలు నా గదికి వచ్చాయి. ఆచారి గారి రూలు ప్రకారం బిళ్లలు విడదీసి, ఒక రోజు ఉంచి, అప్పుడు కొలవాలి. బయట వ్యాను ఆగి ఉంది. "పళ్లెం మీదే కొలిచెయ్యండి మేడం, విడదీసి నేరుగా ప్యాక్ చేద్దాం" అన్నాడు ఓనరు. కొలిచాను. అరవైకి అరవై, తిన్నటి గీతలు. ఎందుకుండవు? అప్పుడు నేను కొలిచింది మైనం పట్టుకుని ఉన్న సాపును.

తలుపు కొంచెం తెరుచుకుంది.

"దువ్వెన్నా? కనుబొమ్మా?"

"దువ్వెన" అన్నాను. "అన్నీ దువ్వెనలే. చూశారా? ఒత్తినా ఏం కాలేదు."

"ఇప్పి చూశావా అమ్మాయ్?"

"టైం లేదు ఆచారి గారూ. మీ లక్క కబుర్లు ఇక కట్టిపెట్టండి."

ఆయన తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు. నేను సంతకం పెట్టాను.

పన్నెండు రోజులకు అరవై బిళ్లలూ తిరిగొచ్చాయి. ఒక్కటి తీసి దీపం కింద పెట్టాను. రెండోది పెట్టలేదు, అవసరం లేకపోయింది.

మర్నాడు ఓనరు గదిలో మీటింగు. ఓనరు, నేను, ఆచారి గారు, ఇద్దరు సూపర్‌వైజర్లు. వచ్చిన ఉత్తరం బల్ల మీద పడేసి ఓనరు అడిగాడు.

"ఎవరు అతికించారు ఈ లాటు?"

అందరికీ తెలిసిన సంగతే. అయినా అడిగాడు.

"నేనే" అన్నాడు ఆచారి గారు.

ఎవరు ఒత్తమన్నారని ఎవరూ అడగలేదు. ఎవరు కొలిచారని ఎవరూ అడగలేదు. "వయసు మీద పడింది ఆచారీ, చెయ్యి నిలవట్లేదు" అన్నాడు ఓనరు. ఆ మాట పుట్టింది అక్కడే. వణుకు అన్న మాట గురజాల చేరడానికి వారం పట్టింది. ఆచారి గారు కుర్చీ వెనక్కి జరిపాడు. లేచి, అల్మరాలోంచి గిన్నె తీసుకుని, బస్సెక్కాడు.

నేను అక్కడే ఇంకో ఏడాది పని చేశాను. ఆ ఉద్యోగం నాకు అవసరమే. ఆ తర్వాత ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబు చూసుకోవడానికి చేరాను. చేరిన కొత్తలో ఒక ఆదివారం గురజాల వెళ్లాను. బస్సులో పిడుగురాళ్ల దాటాక ఒకసారి, దాచేపల్లి దాటాక ఒకసారి చెప్పాల్సింది మనసులో చెప్పుకున్నాను. అరుగు మీద కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. కుంపట్లో నిప్పు లేదు. చేతిలో పనేమీ లేదు. మీసం మళ్లీ పెంచలేదు.

"రా అమ్మాయ్. మీ పెద్దమ్మ ఇంట్లో లేదు, వాళ్ల చెల్లెలి దగ్గరికి మాచర్ల పోయింది" అంటూ తనే టీ కాచి తెచ్చాడు. నాకు చక్కెర లేకుండా. గుర్తుపెట్టుకున్నాడు.

"పనులు రావట్లేదా?" అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో నాకే తెలిసింది.

"వణికే చేతికి ఎవురిస్తారమ్మా" అన్నాడు. ఎత్తిపొడుపేమీ లేదు, వాన పడలేదు అన్నట్టు అన్నాడు. టీ గ్లాసు నా చేతికిస్తుంటే చూశాను. అంచు దాకా ఉంది, ఒక్క చుక్క కదల్లేదు.

"ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"ఎండ ముదరతంది. పదకొండింటి బస్సు పోతే మళ్లీ ఒంటిగంటకే" అన్నాడు.

నేను వాదించే మనిషిని. కూరగాయల బండి దగ్గర, కాలేజీలో ప్రిన్సిపాల్ దగ్గర, ఆఖరికి గుళ్లో పూజారి దగ్గర కూడా వదలను. ఆ రోజు వదిలాను. పదకొండింటి బస్సు ఎక్కాను. ఆయన అడ్డం పడ్డాడని చాలాకాలం చెప్పుకున్నాను గానీ, ఆయన అడ్డం పడితే బాగుండునని నేను దాచేపల్లి నుంచే అనుకుంటూ వచ్చాను. మళ్లీ వెళ్లలేదు. ఆయన పోయిన సంగతి కూడా వాట్సాప్‌లో తెలిసింది.

పెద్దకర్మ నాడు బావమరిది కథ విన్నాక, తినకుండా లేచి లోపలికి వెళ్లాను. పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్నెప్పుడూ చూడలేదు. ఎవరో చెబితే తలెత్తింది.

"పేటలో కొలిచే అమ్మాయివి నువ్వేనా?"

"అవును పెద్దమ్మా."

"నిజంగా వణికిందా అమ్మా ఆయన చెయ్యి? ఇంట్లో ఎప్పుడూ వణకలేదు. సూదిలో దారం నాకు ఆయనే ఎక్కిచ్చేవోడు, చివరిదాకా. కంపెనీలో ఏంది జరిగిందని ఎన్నిసార్లు అడిగినా, 'పేటలో ఆ అమ్మాయుంది, కొలిచింది ఆమే, ఆమెనడుగు' అనేవోడు. నేనెక్కడికని వచ్చేది నిన్నడగటానికి?"

చెప్పాను. ప్రెస్సు సంగతి, ఒత్తిన సంగతి, విడదీయకుండా కొలిచిన సంగతి, సంతకం సంగతి. పెద్దమ్మ నా మొహం వైపే చూస్తూ వింది. అయ్యాక, "అయితే వణకలేదు" అంది. నా గురించి ఒక్క మాట లేదు. కొంగు సర్దుకుని, "ఆ మాట బయట మా తమ్ముడికి చెప్పు. అందరూ ఉండంగానే చెప్పు" అంది.

బయటికొచ్చి చెప్పాను. నిలబడి, గట్టిగా, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. చేతులు కడుక్కుంటున్నవాళ్లు ఆగి విన్నారు. బావమరిది తుండుతో మూతి తుడుచుకుని నా వైపు జాలిగా చూశాడు.

"నువ్వు మంచిదానివమ్మా. పోయినోళ్ల తప్పు నెత్తిన ఏసుకోవటానికి ఎంత మంది ముందుకొస్తారు చెప్పు? మా బావ పుణ్యాత్ముడు, నీలాంటోళ్లు దొరికారు."

"నేను నెత్తినేసుకోవడం కాదు బాబాయ్, తప్పు నాదే అంటున్నా."

"అట్టనే లేమ్మా. కూసో, వడ్డిచ్చమంటా."

ఎవరో ఔనన్నారు. ఇంకెవరో మజ్జిగ తెమ్మన్నారు. ఏడేళ్ల కిందట ఓనరు గదిలో చెప్పి ఉంటే అది నా తప్పయ్యేది. పెద్దకర్మ నాడు చెబితే మర్యాద అయింది. ఆయన మంచితనానికి తోడు నా మంచితనం కూడా వాళ్లకు ఒక కథ అయింది. వణికిన చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. కాగితం మీద పెట్టిన అబద్ధానికి జవాబు కాగితం మీదే ఉండాలి.

కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ బావమరిది కాదు. ఈ సంగతి విన్న నా స్నేహితురాలు ఒకామె, "పాపం, నిన్ను కాపాడటానికి నింద మోశాడు" అని కళ్లు తుడుచుకుంది. దానికీ నేను ఒప్పుకోను. కాపాడాలనుకున్న మనిషి, ఇంట్లో భార్యతో "ఆమెనడుగు" అని ఎందుకంటాడు? పోనీ కోపమే అనుకుందామంటే, కోపమున్న మనిషి చక్కెర లేకుండా టీ కాచి ఇవ్వడు.

ఆ మీటింగులో ఓనరు అడిగింది ఎవరు అతికించారని. ఆయన అబద్ధం చెప్పలేదు, ఎవరి తప్పూ ఎత్తుకోలేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు. చెప్పి ఓనరు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి ఊరుకున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. ఓనరు మళ్లీ నోరు తెరిచేదాకా కాస్త వ్యవధి ఉంది. నేను ఆచారి గారి పక్క కుర్చీలోనే ఉన్నాను. తన వంతు తాను చెప్పేశాక, ఆ కాస్త వ్యవధిలో, కొలిచింది నేనని నేను అంటానని ఆయన ఎదురుచూశాడా? లేక, ఈ మనిషి అనదని ఆ మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసినప్పుడే ఆయనకు తెలుసా?